కార్డుని ఒకసారి తలకిందులుగా పెట్టి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పాత పోస్టుకార్డుల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. ‘మధుర జ్ఞాపకాలు’ అన్న మాట ఐదుసార్లు తగిలింది కానీ, కార్డు ఒక్కసారీ కంటికి కనపడలేదు. (నీ వయసులో నేను రాసినవీ ఇంతే. చాలావరకు చించేశాను.)

ఒక కార్డు తీసి తలకిందులుగా పెట్టు. చదవడం కుదరదు కాబట్టి అక్షరాలు గీతలైపోతాయి. ఇప్పుడు చూడు. మొదటి నాలుగు పంక్తులు తాపీగా, చేతులు చాపుకుని కూర్చున్నట్టు ఉంటాయి. సగం దాటాక చోటు చాలుతుందో లేదోనని టెన్షన్ మొదలవుతుంది. పంక్తులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, అక్షరాలు చిక్కిపోతాయి, మిగిలిన కబురు అంచు పట్టుకుని నిలువుగా పైకి పాకుతుంది. సంతకం ఏదో మూలలో ఒదుగుతుంది. చోటు చాలకపోవడమే ఆ బొమ్మ గీసింది. నన్నడిగితే కార్డు అందమంతా అక్కడే ఉంది.

1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో వచ్చిన మొట్టమొదటి పోస్టుకార్డు సాదాది. ఒక పక్క చిరునామా, రెండో పక్క కబురు. బొమ్మల కార్డులు వచ్చాకే అసలు ఇరుకు. చిరునామా ఉన్న వైపు ఇంకేమీ రాయకూడదన్న నిబంధన చాలా దేశాల్లో ఉండేది. దాంతో జనం బొమ్మ చుట్టూ మిగిలిన తెల్లంచులో, అదీ చాలకపోతే బొమ్మలోని ఆకాశం మీదే రాసేవాళ్లు. బ్రిటన్ 1902లో, అమెరికా 1907లో చిరునామా ఉన్న వైపుని రెండుగా విడగొట్టి సగం కబురుకి వదిలాయి. అంతకు ముందటి కార్డు దొరికితే ఆ ఆకాశాన్ని తీరిగ్గా చూడు.

ఇంకో మాట. గోధుమరంగు సిరాని ‘విషాద వర్ణం’ అన్నావు. ఆ రంగు రాసినవాళ్ల మనసులోది కాదబ్బాయ్! ఇనుము కలిసిన పాత సిరాలు రాసిన కొత్తలో నల్లగా ఉండి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతాయి. దిగులు కావాలంటే కొట్టివేతల్లో వెతుకు. కార్డుకి కవరు ఉండదు, దారిలో ఎవరైనా చదవచ్చు. అందుకే ఒక మాట రాసి, మనసు మార్చుకుని, కాగితం చిరిగేలా దాని మీద గీతలు గీస్తారు. ఆ మాటేమిటో ఊహించి మాత్రం రాయకు. గీతలు ఎంత బలంగా పడ్డాయో రాయి చాలు.

అన్నట్టు, నీ మూడో కార్డు అడుగున సిరా అలికిపోయిందని ఒక్క ముక్కలో తేల్చేశావు. వేలు తగిలితే మరక ఒక వైపుకి సాగుతుంది, నీటి చుక్క పడితే చుట్టూ పాకుతుంది. అది ఏదో చూసి, అక్కణ్నుంచి వ్యాసం మళ్లీ మొదలుపెట్టు.