భర్త పటాలంలో ఉంటే అది వియోగమా, విరహమా, ఎడబాటా?

సందేహం: మా అమ్మమ్మ గురించి ఒక చిన్న వ్యాసం రాసుకున్నాను. తాతయ్య 1940లో పటాలంలో చేరి, బర్మా వైపు యుద్ధానికి వెళ్ళి, 1946లో తిరిగొచ్చాడు. "అమ్మమ్మ ఆరేళ్ళు భర్తృవియోగం అనుభవించింది" అని రాస్తే మా పిన్ని చదివి "బతికున్న మనిషికి వియోగమేమిటే!" అని కోప్పడింది. 'విరహం' అని మారిస్తే సినిమా పాటలా అనిపిస్తోంది. ఏది సరైన మాట? హోమ్‌సిక్ అనడానికి తెలుగులో ఏమైనా మాట ఉందా?

సమాధానం: మీ పిన్నిగారి కోపం న్యాయమైనదేనమ్మా. నిఘంటువు తీసి చూస్తే మీ తప్పేమీ కనబడదు. యోగం అంటే కూడిక, ఆ కూడిక విడిపోతే వియోగం, అంతే. రావణుడు సీతను ఎత్తుకుపోయాక రాముడు పడ్డది సీతావియోగమే, ఆవిడ లంకలో బతికే ఉంది కదా. కానీ ఇవాళ పేపర్లో 'పితృవియోగం' అనో 'సతీవియోగం' అనో కనిపిస్తే ఎవరో పోయారనే చదువుతాం, అంతకుమించి ఇంకో అర్థం మనకు తోచను కూడా తోచదు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి చిక్కినప్పుడు వేలాది మంది భారతీయ సైనికులు బందీలైపోయారు. అలాంటి వాళ్ళ ఇళ్ళల్లో మనిషి ఉన్నాడో లేడో తెలియక, తలుపు దగ్గర సైకిలు బెల్లు వినబడితే టెలిగ్రామేమోనని గుండె జారిపోతూ ఉంటే, ఆ ఇంట్లో 'వియోగం' అన్న మాట ఎవరైనా నోటితో అంటారా? పిన్నిగారికి తగిలింది అదే అనుకుంటాను.

ఇలా చేజారిపోయింది వియోగం ఒక్కటే కాదు. 'భర్త దూరమయ్యాడు' అని రాయండి, పోయాడనుకుంటారు. 'యుద్ధం వల్ల విడిపోయారు' అని రాయండి, విడాకులా అని అడుగుతారు. 'భర్త దూరంగా ఉన్నాడు' అంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు, చూడండి, 'అయ్యాడు'కీ 'ఉన్నాడు'కీ ఎంత తేడా ఉందో.

ఇక విరహం. సినిమా పాటలా ఉందన్నారు గానీ, అసలు ఇబ్బంది శాస్త్రంలోనే ఉంది. కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు ఎడబాటు శృంగారాన్ని, అంటే విప్రలంభాన్ని, ఐదు రకాలుగా చెప్పాడు: అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం. విరహం వేరు, ప్రవాసం వేరు! దగ్గర్లోనే ఉండి కూడా పెద్దవాళ్ళకు వెరచో ఇంకేదో అడ్డొచ్చో కలుసుకోలేకపోతే అది విరహం, మనిషి దేశాంతరం వెళ్ళిపోతే అది ప్రవాసం. ఈ లెక్కన మీ అమ్మమ్మగారిది ప్రవాసం కిందికి వస్తుంది, కానీ ప్రవాసం అనగానే ఇప్పుడు మనకు అమెరికా తెలుగువాళ్ళు గుర్తొస్తారు. పైగా ప్రవాసంలో మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో తెలుస్తుంది, సైనికుడి సంగతి అలా కాదు, ఈనాటికీ 'కేరాఫ్ 56 ఎ.పి.ఓ.' అనో '99 ఎ.పి.ఓ.' అనో, అంటే సైన్యం తపాలా ఆఫీసు నంబరు, రాసి పంపాల్సిందే, కవరు మీద ఊరి పేరే ఉండదు.

కొందరు ఇలాంటి చోట 'ప్రోషితభర్తృక' వాడతారు. కావ్యశాస్త్రం చెప్పే ఎనిమిది రకాల నాయికల్లో, అంటే అష్టవిధ నాయికల్లో, ఒకరు, భర్త పరదేశంలో ఉన్న స్త్రీ. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తున్నారు, ఆమెను 'ప్రోషిత' అని రాస్తున్నారు. ప్రోషితుడు భర్త, ఆమె కాదు. ప్రవాసంలో ఉన్న 'వస్' ధాతువే ఇందులోనూ ఉంది, ప్రోషితుడంటే ఇల్లు విడిచి వేరే చోట ఉన్నవాడు. 'ప్రేషితుడు' అంటే వేరే, పంపబడినవాడు. నిజానికి సైనికుడు రెండూను, ఆయన తనంతట తాను వెళ్ళలేదు, పంపితే వెళ్ళాడు. అయినా ఈ మాట మీ అమ్మమ్మగారికి అంటగట్టడం నాకు ఇష్టం లేదు. యాజ్ఞవల్క్యస్మృతి ప్రోషితభర్తృక ఏమేం మానెయ్యాలో చెబుతుంది: ఆటలు, అలంకారం, ఉత్సవాలు చూడడం, నవ్వు, పరాయి ఇంటికి వెళ్ళడం. మొగుడు పటాలంలో ఉంటే కూలి మాట్లాడుకుని, ఊడ్పులు చేయించి, పిల్లల్ని పెంచిన ఆడవాళ్ళకు ఆ చట్రం ఎలా సరిపోతుంది? తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్ళారు, మరి ఆ ఇళ్ళు నడిపింది ఎవరు?

నన్నడిగితే 'ఎడబాటు' అనండి. ఎడ అంటే మధ్యనున్న దూరం, పాయు అంటే వేరవడం, రెండూ కలిసి ఎడబాయు, దాని నుంచి ఎడబాటు. నది పాయలు, జడ పాయలు అంటాం కదా, ఆ పాయ కూడా ఈ కుదురుదే. చీలిన పాయ మళ్ళీ కలవొచ్చు. వియోగం మీద పడ్డ చావు నీడ ఈ మాట మీద ఇంకా పడలేదు, అందుకే నాకిది ఇష్టం. బయల్దేరేటప్పుడు 'వెళ్తున్నా' అననివ్వరు మన ఇళ్ళల్లో, 'వెళ్ళొస్తా' అనాలి, తెలంగాణలో 'పోయొస్త'. రావడం అనేది వెళ్ళడంలోనే కలిపి పంపిస్తాం, ఎడబాటు ఆ వరసలో మాట.

హోమ్‌సిక్ గురించి టెన్షన్ పడకండి, మనకు 'బెంగ' ఉంది. తాతయ్యకు ఇంటి మీద బెంగ, అమ్మమ్మకు తాతయ్య మీద బెంగ. 'ఇంటి కోసం బెంగ' అని కూడా వింటాం, తప్పనను, కానీ 'మీద' పాతుకుపోయిన వాడుక. 'గురించి' పెడితే మాత్రం అర్థం మారుతుంది, 'పరీక్షల గురించి బెంగ' అన్నప్పుడు అది ఆందోళన, తలపోత కాదు. బెంగ ఒంటి మీదికి కూడా వస్తుంది, బెంగతో జ్వరం తగిలిందంటారు, తిండి మానేశాడంటారు. తెలంగాణలో ఇదే చోట 'రంది' వినబడుతుంది, 'రంది పెట్టుకున్నది' అంటారు. బుగులు అని ఇంకో మాట ఉంది, అది భయం. సైనికుడి భార్యకు రందీ ఉంటుంది, బుగులూ ఉంటుంది, రెండిటినీ ఒకటి చెయ్యకండి.

'పటాలం' అన్న మాట మాత్రం మార్చకండి, బెటాలియన్ మన నోట అలా అరిగింది, తాతయ్య కాలం వాళ్ళు అన్నది అదే. 'అనుభవించింది' కూడా తీసేయండి, బరువెక్కువ. నేనైతే ఇలా రాస్తాను: "తాతయ్య పటాలంలో ఉన్న ఆరేళ్ళూ అమ్మమ్మ ఆయన మీద బెంగతోనే ఇల్లు నడిపింది." ఎడబాటు అన్న మాట కావాలంటే తర్వాతి వాక్యంలో పెట్టుకోండి. అది పంపేముందు పిన్నిగారికి ఒకసారి చదివి వినిపించండి.