లాపరోస్కోపీలో పేగుకు గాయమైతే అప్పుడే తెలుస్తుందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎండోమెట్రియోసిస్‌కు (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) వచ్చే వారం లాపరోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, గొట్టాల్లోంచి కెమెరా దించి చేసే ఆపరేషన్) చేస్తామన్నారు. గర్భసంచి వెనక పేగు అతుక్కుపోయిందట. ‘పేగుకు గాయం కావచ్చు’ అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమన్నప్పటి నుంచి ఒకటే టెన్షన్. గాయమైతే ఆపరేషన్‌లోనే తెలుస్తుందా డాక్టర్ గారూ?

జవాబు: చాలాసార్లు తెలుస్తుందమ్మా, ప్రతిసారీ కాదు. అతుక్కున్న పేగును విడదీసేటప్పుడు ప్రమాదం నిజంగానే ఉంటుంది కాబట్టే ఆ మాట రాయించుకుంటారు.

కత్తెర తగిలో, మొదటి గొట్టం దించేటప్పుడో పడిన చిల్లు సాధారణంగా కెమెరాలో కనిపిస్తుంది. పెద్దపేగు చివరి భాగం మీద అనుమానముంటే ఇంకో పరీక్ష చేస్తారు. పంక్చర్ షాపులో సైకిల్ ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి చూస్తారే, అచ్చం అదే: పొత్తికడుపులో సెలైన్ నింపి, పేగును పైన మెల్లగా నొక్కిపట్టి, మలద్వారం నుంచి గాలి పంపుతారు. బుడగలొస్తే చిల్లున్నట్టే, అక్కడే కుట్టేస్తారు. కానీ ఈ పరీక్ష చిన్నపేగు సంగతి చెప్పదు, దాన్ని సర్జన్ కళ్లతో వెతికి చూడాల్సిందే.

అసలు చిక్కంతా కాలిన గాయంతో. రక్తం ఆపడానికి వాడే కరెంటు వేడి పేగు గోడకు తగిలితే ఆ రోజు చిల్లూ ఉండదు, బుడగా రాదు. నాలుగైదు రోజులకో, ఒక్కోసారి వారం దాటాకో ఆ చోటు చచ్చి చిల్లు పడి, మలం కడుపులోకి కారుతుంది. అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు.

అందుకే ఇంట్లో ఒక్కటి గమనించండి. నొప్పి రోజురోజుకీ తగ్గాలి. భుజం నొప్పి ఒకట్రెండు రోజులుంటే కంగారు పడకండి, అది కడుపులో నింపిన గ్యాస్ వల్ల. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, కడుపు ఉబ్బినా, జ్వరం, వాంతులు, గుండెదడ వచ్చినా ‘గ్యాసేలే’ అని మాత్ర మింగి పడుకోవద్దు (కొన్నిసార్లు మా డాక్టర్లమే ఆ మాట అనేస్తాం, అన్నా వినకండి). ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లండి. రక్తపరీక్షలు, సీటీ స్కాన్ చేస్తారు. మొదట్లో తీసిన స్కాన్ బాగున్నా నొప్పి పెరుగుతూనే ఉంటే మళ్లీ కెమెరా పెట్టి చూడాల్సి రావచ్చు.

సంతకం పెట్టేముందు, అవసరమైతే పేగుల సర్జన్ అందుబాటులో ఉంటారా అని అడగండి. డిశ్చార్జ్ రోజు, అర్ధరాత్రి చేసినా ఎత్తే ఫోన్ నంబర్ కాగితం మీద రాయించుకోండి.