కొత్తగా ఏజెంటువైన మా చిట్టికి

చిట్టీ,

ఇళ్ల, ప్లాట్ల అమ్మకాలను అదుపులో ఉంచే ప్రభుత్వ సంస్థ రెరాలో, రియల్ ఎస్టేట్ ఏజెంటుగా నీ పేరు మీద రిజిస్ట్రేషన్ వచ్చిందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం వేసింది. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ కూడా విన్నాను. ఎవరో బిల్డర్ ప్రీ లాంచ్ ఫ్లాట్లు, అంటే పర్మిషన్లు, రెరా నంబర్ రాకముందే అమ్మకానికి పెట్టినవి, అమ్మిపెడితే మామూలు కమీషన్‌కి మూడింతలు ఇస్తానంటున్నాడని, నీ పాత ఆఫీసులో ఇద్దరు ముగ్గురు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారని, ఏం చేయమంటావు పిన్నీ అని అడిగావు. ఫోన్‌లో తేలే విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

ముందు నీ ప్రశ్నకు జవాబు. ఆ పని ఒప్పుకోకు.

2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. ఆ నంబర్ రాకముందు బుకింగులు తీసుకోకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబర్ లేని ప్రాజెక్టును ఏజెంటు అమ్మిపెట్టకూడదని అదే చట్టం విడిగా చెప్పింది. కాబట్టి రేపు గొడవైతే బిల్డర్ ఒక్కడే కాదు, నువ్వూ జవాబు చెప్పుకోవాలి.

చట్టం సంగతి పక్కన పెట్టి డబ్బు ఎటు పోతుందో చూడు. రెరా ప్రాజెక్టులో కొనేవాళ్ల డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉండాలి, దాన్ని ఆ స్థలానికి, ఆ కట్టడానికే వాడాలి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రీ లాంచ్‌లో ఈ రెండూ ఉండవు. అడుగుకు రేటు తగ్గిస్తాం, మొత్తం ఒకేసారి కట్టండి అంటారు. చేతికి ఎంఓయూ అనే ఒక ఒప్పందం కాగితమో, స్థలంలో అవిభాజ్య వాటా (విడదీసి చూపని భాగం) పేరుతో ఒక రిజిస్ట్రేషనో ఇస్తారు. అప్పటికి పర్మిషన్ వచ్చి ఉండదు. కొన్నిచోట్ల స్థలం కూడా పూర్తిగా బిల్డర్ చేతికి వచ్చి ఉండదు. మరి నీకిచ్చే మూడింతల కమీషన్ ఎక్కడిది? నీ ఆఫీసు స్నేహితులు కట్టిన డబ్బులోదే. పునాది తవ్వకముందే అందులోంచి తీసి నీ చేతిలో పెడుతున్నారన్నమాట. ఇల్లు కట్టడానికి ఇచ్చిన డబ్బు అది.

ఈ పనిలో ఎక్కువమంది ఏజెంట్లకు అర్థం కానిది ఒకటుంది. మనకు రిజిస్ట్రేషన్ అయిన రోజు పని అయిపోయినట్టు, పార్టీకి, అంటే కొనేవాళ్లకు, ఆ రోజే మొదలు. ఇరవై ఏళ్ల ఈఎంఐ పెట్టుకుని ఒక మధ్యతరగతి కుటుంబం బహుశా ఒకే ఒక్కసారి ఇల్లు కొంటుంది. ఏ గోడ చెమ్మెక్కినా, ఏ నోటీసు వచ్చినా ముందు గుర్తొచ్చేది మన పేరే. "ఆ అమ్మాయి చూపించింది" అని తలుచుకుంటారు. అది ఎలా తలుచుకుంటారన్నదే నీ వ్యాపారం. పదేళ్ల తర్వాత కూడా నిలబడ్డ ఏజెంట్లను నేను దగ్గర నుంచి చూశాను. వాళ్లకు వచ్చే పార్టీల్లో సగానికి పైగా పాత పార్టీలు పంపినవాళ్లే.

ఒక సంగతి వివరంగా చెబుతాను. హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక పాత ఫ్లాటు అమ్మకానికి వచ్చింది. కొనేది ఒక టీచర్ గారు, పీఎఫ్ డబ్బుతో. ఓనరు మంచివాడే, ఇల్లు బాగుంది, రేటు కుదిరింది. రేపు బయానా ఇస్తారనగా ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా, తీసి కూర్చున్నాను. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, నువ్వు ఎప్పుడూ పదమూడేళ్లకో పదిహేనేళ్లకో ఆపకు, ఎంత వెనక్కి వస్తే అంత తియ్యి. అందులో కింది నుంచి రెండో ఎంట్రీ ఒక బ్యాంకుకు డాక్యుమెంట్లు తాకట్టు పెట్టినట్టుంది. దాని తర్వాత రిలీజ్ ఎంట్రీ లేదు. ఓనరును అడిగితే "లోను ఎప్పుడో కట్టేశానమ్మా, ఒరిజినల్స్ నా దగ్గరే ఉన్నాయి" అన్నాడు. ఉన్నాయి కూడా, చూపించాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. బ్యాంకు దగ్గర బాకీ లేదన్న నో డ్యూ కాగితం తీసుకున్నాడు గానీ, తాకట్టు రిలీజ్‌ను రిజిస్టర్ చేయించుకోలేదు. టీచర్ గారు లోను లేకుండా కొంటున్నారు కాబట్టి, ఆయన తరఫున దాన్ని పట్టుకునే బ్యాంకు లాయరు కూడా లేడు. నేను నోరు మూసుకుంటే రిజిస్ట్రేషన్ జరిగిపోయేదే. ఎప్పుడో ఆయన పిల్లలు అమ్ముకోబోతే అప్పుడు బయటపడేది, అప్పటికి పాత ఓనరు ఎక్కడుంటాడో ఏమో.

ఆ పేజీ ప్రింట్ తీసి, ఆ ఎంట్రీ కింద పెన్నుతో గీత గీసి ఇద్దరినీ ఒక దగ్గర కూర్చోబెట్టి చూపించాను. బయానా ఆపించాను. ఓనరుకు కోపం వచ్చింది, నా కమీషన్ వెనక్కి పోయింది. రిలీజ్ అయ్యాకే అగ్రిమెంట్ రాసుకున్నారు. ఆ తర్వాత టీచర్ గారి స్కూలు స్టాఫ్ రూమ్ నుంచి నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. కోప్పడ్డ ఆ ఓనరు కూడా తన చెల్లెలి ప్లాటు అమ్మిపెట్టమని నా దగ్గరికే వచ్చాడు.

కాబట్టి లోపం ఏదైనా ఉంటే పార్టీ అడిగేదాకా ఆగకు. నువ్వే ముందు చెప్పు. పడమర గది ఎండకు కాలిపోతుందా, చెప్పు. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటి ట్యాంకర్ల మీద బతుకుతారా, వాచ్‌మన్‌ను అడిగి నెలకు ఎంతవుతుందో కనుక్కుని చెప్పు. పెద్ద వాన పడిన మర్నాడు ఇల్లు చూపించడానికి భయపడకు, అసలు ఆ రోజే తీసుకెళ్లు. సెల్లార్‌లో నీళ్లు నిలుస్తాయో లేదో వాళ్ల కళ్లతోనే చూస్తారు. మెట్లు, లిఫ్టు లాంటి ఉమ్మడి చోట్లు కూడా కలిపి లెక్కేసే సూపర్ బిల్టప్ 1500 అడుగులు అంటే లోపల నడిచే చోటు అంత ఉండదని, కార్పెట్ ఏరియా ఎంతో కాగితం మీద రాసి ఇవ్వు. అమ్ముడుపోదేమో అనుకుంటావు. అమ్ముడుపోతుంది. లోపం తెలిసి కొన్నవాళ్లు రేటు బేరమాడతారు, అంతే. తెలియకుండా కొన్నవాళ్లు జీవితాంతం తిట్టుకుంటారు.

"బ్యాంకు లోను ఇస్తోందండీ, ఇంక అనుమానం ఎందుకు" అనే మాట మాత్రం నీ నోట రానీయకు. 2024లో చెరువులను కాపాడే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల, కట్టినవి కూల్చడం మొదలుపెట్టాక, పర్మిషన్ ఉంది కదా, బ్యాంకు లోను ఇచ్చింది కదా అని గుండెలు బాదుకున్నవాళ్లను టీవీలో అందరం చూశాం. చుట్టుపక్కల చెరువు, కుంట, నాలా ఏది ఉన్నా హైదరాబాద్ అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టిన చెరువుల మ్యాపులు తెరిచి, సర్వే నంబర్ సరిచూసుకో. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడు. ఊరి వైపు భూమైతే అది అసైన్డ్ భూమా అని అడుగు. ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977లోనే చట్టం చేసి ఆపారు. గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్మే వెంచర్ల జోలికి పోకు. లేఅవుట్ పర్మిషన్ లేని వ్యవసాయ భూమిని ముక్కలు చేసి, రేపు ఇల్లు కట్టుకోవచ్చన్న ఆశ చూపి అమ్ముతారు. అవి చూపించడానికి ఆదివారాలు ఏసీ బస్సు పెడతారు, భోజనాలు పెడతారు. నిన్నూ పిలుస్తారు. వద్దు.

ఫారిన్‌లో ఉన్నవాళ్లు నీకు ఎక్కువ తగులుతారు, ఇంగ్లీషు బాగా మాట్లాడతావు కాబట్టి. డల్లాస్ నుంచో మెల్‌బోర్న్ నుంచో ఒక అబ్బాయి ఫోన్ చేసి షాద్‌నగర్ దగ్గర ఎకరం చూడమంటాడు. ఎన్‌ఆర్‌ఐలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే వేరు. ఫ్లాటు, ఇల్లు, కమర్షియల్ అయితే కొనుక్కోవచ్చు. ఆ ముక్క మొదటి ఫోన్‌లోనే చెప్పెయ్యి. "మీ బావమరిది పేరు మీద పెట్టండి సార్, ఏం కాదు" అని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉంటారు. అలా పెట్టిన భూముల వల్ల అన్నదమ్ములు, బావాబావమరుదులు మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు.

అలాగే అమ్మేవాడు ఎన్‌ఆర్‌ఐ అయితే కొనేవాళ్లకు ముందే చెప్పు. ఇక్కడివాళ్ల దగ్గర కొంటే 50 లక్షలు, ఆ పైన ఉన్న ఆస్తికి 1 శాతం టీడీఎస్, అంటే ఓనరుకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను, కడితే సరిపోతుంది. ఎన్‌ఆర్‌ఐ దగ్గర కొంటే టీడీఎస్ అంతకంటే చాలా ఎక్కువ, 50 లక్షల మినహాయింపు కూడా ఉండదు. పట్టుకోకపోతే ఇన్‌కమ్‌ టాక్స్ నోటీసు వచ్చేది కొన్నవాళ్లకే. ఒక మంచి ఆడిటర్ నంబర్ దగ్గర పెట్టుకుని, అగ్రిమెంట్‌కు ముందే వాళ్లను అక్కడికి పంపు. మనకు తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు.

ఇప్పుడు డబ్బు మాట. కమీషన్ ఎంతో, ఎవరి దగ్గర తీసుకుంటావో మొదటి సైట్ విజిట్‌కు ముందే చెప్పు. రెండు వైపులా తీసుకుంటుంటే రెండు వైపులా చెప్పు. లోను ఇప్పించినందుకు ఏజెన్సీ నీకేమైనా ఇస్తే అదీ చెప్పు. దాచాల్సిన పని లేదు. పార్టీకి కోపం తెప్పించేది దాచడమే. ఓనరు 80 లక్షలు అంటే పార్టీకి 85 చెప్పి మధ్యలో ఐదు వేసుకోవడం మన లైన్‌లో చాలామంది చేస్తారు, దాన్ని తెలివి అనుకుంటారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్వర్ పనిచేయక ఓనరూ పార్టీ పక్కపక్క కుర్చీల్లో గంటలకొద్దీ కూర్చుంటారు. టీ తాగుతారు. మీకెంతకు చెప్పారు, నాకెంతకు చెప్పారు అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ రోజుతో ఆ రెండు కుటుంబాలూ నీకు పోయినట్టే, వాళ్లు ఎవరికి చెబుతారో వాళ్లు కూడా.

అలాగని కమీషన్ వదులుకోమని నేను చెప్పడం లేదు, ఇది జాగ్రత్తగా విను. పార్టీని ముందు పెట్టడం అంటే ఊరికే పని చేయడం కాదు. మాట్లాడుకున్న కమీషన్‌ను రిజిస్ట్రేషన్ రోజు మొహమాటం లేకుండా అడుగు. "మనవాళ్లే కదా, తర్వాత చూద్దాం" అంటే నవ్వుతూనే గట్టిగా చెప్పు. ముఖ్యంగా చుట్టాల దగ్గర. ఆడవాళ్లం అడగలేమని అనుకుంటారు. నువ్వు ఈసీ చదివావు, మ్యాపులు చూశావు, ఎండలో తిరిగావు, ఒక చెడ్డ కొనుగోలు నుంచి కాపాడావు. దానికి జీతం అది. రెండు వైపుల నుంచీ తీసుకున్నదానికి రసీదు ఇవ్వు, బుక్‌లో రాసుకో. లెక్కల పుస్తకాలు ఉంచాలని రెరా కూడా చెబుతోంది.

ఇక అందరూ దాటవేసే మాట. మూడు నెలలు ఒక్క రిజిస్ట్రేషన్ కూడా కాకపోతే ఎంత మంచివాళ్లకైనా పార్టీని తొందరపెట్టాలనిపిస్తుంది. "ఇంకో పార్టీ రేపు బయానా ఇస్తానంటోంది" అనే అబద్ధం అప్పుడే పుడుతుంది. నీ గుణం మీద నాకు నమ్మకం ఉంది, కానీ ఖాళీ చెయ్యి గుణం మీద ఒత్తిడి పెడుతుంది. అందుకే మొదట్లో అద్దె ఇళ్లు వదలకు. ఒక నెల అద్దెలో ఎంతో కొంత కమీషన్‌గా వస్తుంది, ఇంటి ఖర్చు గడుస్తుంది. ఈరోజు నిజాంపేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్న జంటే నాలుగేళ్లకు ఫ్లాటు కొంటుంది, అప్పుడు నీ నంబరే ఫోన్‌లో ఉంటుంది. పెద్ద కమీషన్ వచ్చినప్పుడు ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన పెట్టేదాకా కారు జోలికి పోకు. ఈఎంఐ మెడ మీద ఉంటే పార్టీకి "ఈ ఇల్లు మీకు వద్దండీ" అని చెప్పలేవు.

ఆ మాట చెప్పాల్సి వస్తుంది కూడా. ఉద్యోగం కొత్తగా వచ్చిన పిల్లలు జీతంలో సగానికి మించి ఈఎంఐ పెట్టుకుని కొనబోతారు. పెళ్లయి ఆరు నెలలు కాలేదు, ఆమెకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ మాట నడుస్తుంటుంది. ఒక్క ఏడాది ఆగండి అని చెప్పు. రిజిస్ట్రేషన్ ఖర్చే తెలంగాణలో 7.5 శాతం, ఏడాదిలో అమ్మాల్సి వస్తే అది తిరిగి రాదని లెక్క వేసి చూపించు. ఆగమన్నవాళ్లను ఎవరూ మర్చిపోరు.

రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ఒక నెల వాళ్ల ఫోన్ ఎత్తు. ఇంటి పన్ను పేరు మార్పు, కరెంటు మీటరు పేరు మార్పు, సొసైటీలో పేరు ఎక్కించడం, ఎక్కడికెళ్లాలో తెలియక తిప్పలు పడతారు. కుదిరితే ఒకసారి వెంట వెళ్లు. గృహప్రవేశానికి పిలిస్తే తప్పకుండా వెళ్లు, కార్డులు పంచడానికి మాత్రం కాదు. తినేసి, ఏ కుళాయి కారుతోందో కనుక్కుని రా.

నీ ఆఫీసు స్నేహితులకు ఆ ప్రీ లాంచ్ వద్దని ఈ వారంలోనే చెప్పు. వాళ్లు వేరే ఏజెంటు దగ్గర కట్టినా సరే, నువ్వు వద్దని చెప్పావన్న ఆధారం ఉండాలి. వాట్సాప్‌లో రాసి చెప్పు. రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు ఎలా వెతకాలో కూడా చూపించు.

నేను పదో తారీఖున మియాపూర్ వస్తాను. నువ్వు ఇప్పుడు చూపిస్తున్న ఇళ్లలో రెండు మూడింటి ఈసీలు, పాత ఓనర్ల నాటి లింక్ డాక్యుమెంట్లు ప్రింట్ తీసి ఉంచు. పొద్దున్నే కూర్చుందాం, మధ్యాహ్నానికి నీకు చదవడం వచ్చేస్తుంది.

ప్రేమతో,
మీ పిన్ని