తుపాకీ పట్టిన ఆడ నింజాలు జపాన్‌లో నిజంగా ఉండేవారా?

లేరండి. చాటుగా తుపాకీ పేల్చే నల్లముసుగు అమ్మాయి కామిక్స్ వాళ్ల సృష్టే. ఈ మాట నేను సగం చదివి, సగం వాసన చూసి చెబుతున్నాను.

టోక్యోలో ఉద్యోగం చేసే రోజుల్లో ఓ కోట ఉత్సవానికి వెళ్లాం. అక్కడ పాతకాలపు ఒత్తి తుపాకులు పేల్చి చూపిస్తారు. కవచం తొడుక్కున్న ఓ తాత గొట్టంలో మందు పోశాడు, కడ్డీతో దట్టించాడు, పక్కనున్న బుల్లి పళ్లెంలో ఇంకాస్త మందు వేసి మూత పెట్టాడు, రాజుకుంటున్న తాడును ఉఫ్ ఉఫ్‌మని ఊది బిగించాడు. మా పాప అంకెలు లెక్కపెట్టి, నలభై దగ్గర విసుగొచ్చి మానేసింది. అప్పుడు ఢామ్మంది. గుండు లేదు, ఉత్త మందే. అయినా దీపావళి రాత్రి మా వీధిలో కమ్ముకున్నంత పొగ! ఆ తాడు చీకట్లో బీడీ ముక్కలా ఎర్రగా కనబడుతుంది. దాన్ని పట్టుకుని చూరు మీద నక్కే నింజా ఎవరండీ?

1570లో చిగుసా కనుమలో యుద్ధనాయకుడు ఓదా నొబునాగా మీద తుపాకీ కాల్చిన, నింజా అని చెప్పుకునే సుగితాని జెన్‌జూబో సంగతేంటని ఎవరో ఒకరు అడ్డు తగులుతారు. అతను మగాడు. పైగా గురి తప్పింది. 1676 నాటి నింజా విద్యల గ్రంథం బన్‌సెన్‌షూకాయ్‌లో ఆడవాళ్ల ఊసుంది గానీ, వాళ్లను శత్రువు ఇంట్లో పనికి కుదిర్చి గుట్టు లాగడం గురించి. తుపాకీ కంటే అదే కష్టమని నా అభిప్రాయం.

మీక్కావలసిన మనిషి యమమోతో యాయె. నింజా కాదు, ఐజు సంస్థానంలో తుపాకీ విద్య నేర్పే ఇంటి ఆడపిల్ల. 1868లో కొత్త ప్రభుత్వ సైన్యం కోటను ముట్టడిస్తే, యుద్ధంలో పోయిన తమ్ముడి బట్టలు వేసుకుని, జుట్టు కత్తిరించుకుని, స్పెన్సర్ రైఫిల్‌తో దిగింది. అప్పటికి 22 ఏళ్లు. భుజానికి ఆనించే కర్ర మడమలో 7 తూటాలు పట్టే అమెరికా తుపాకీ అది, తాడూ ఊదుడూ లేవు. కోటలో మిగతా ఆడవాళ్లేమో వచ్చిపడిన ఫిరంగి గుళ్లు పేలకుండా వాటి మీద తడిబొంతలు పడేసేవారు. ఇదెవరూ సినిమా తీయరేం?

యాయె తర్వాత యుద్ధాల్లో నర్సుగా చేసి, క్యోటోలో తేనీటి విద్య నేర్పుతూ 1932లో పోయింది.

కొరియామాలో షింకన్‌సెన్ బుల్లెట్ రైలు దిగి చిన్న రైలెక్కి ఆ కోట ఉన్న ఐజువకమత్సు వెళ్లాం, ఇదంతా పాపకి చూపిద్దామని. కోట 1965లో కాంక్రీటుతో మళ్లీ కట్టింది, ఎర్ర పెంకులు మాత్రం బాగున్నాయి. అంతా విని మా పాప, నింజాల ఊరు ఇగాలో అద్దెకు తీసుకున్న నింజా డ్రెస్ మళ్లీ ఎప్పుడు వేసుకోవచ్చని అడిగింది. గులాబీ రంగుదండీ. చీకట్లో దాక్కోవడానికి గులాబీ రంగు!