డిస్కు నాదే, ఆట ఎవరిది?

ప్రశ్న: విశాఖ వెళ్లినప్పుడు పాత గేమ్ డిస్కులు కొని, ఆడేశాక అమ్ముకుంటాను. ఇప్పుడు డిస్కు పెట్టే చోటే లేని కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రం) చూపిస్తున్నారు. గాలివాన వస్తే మా వీధిలో రెండు రోజులు నెట్ ఉండదు. కొనమంటారా, అండీ?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తొందరపడకండి. మీ బాధ న్యాయమైనది. 2013లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ అనే కన్సోల్‌ను ప్రకటించింది. 24 గంటలకు ఒకసారి నెట్‌కు కలపకపోతే ఆట సాగదని, పాత డిస్కులకూ షరతులున్నాయని తెలిసి ఆటగాళ్లు మండిపడ్డారు. తన పోటీ కన్సోల్ ప్లేస్టేషన్ 4కు అలాంటి అడ్డంకులు లేవని సోనీ వేదిక మీద చెప్పగానే హాలు చప్పట్లతో మార్మోగింది. జూన్ 19న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. కొనేవాళ్లు గట్టిగా అడిగితే వింటారని నాకు ఆనాడే నమ్మకం కుదిరింది.

నా దగ్గర నాలుగు చేతులు మారిన డిస్కు ఒకటుంది. అట్ట లోపల నలుగురి పేర్లూ పెన్సిలుతో రాసి ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసిన ఆటను అలా చేతులు మార్చలేం. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో, ప్లేస్టేషన్ 5 డిజిటల్ ఎడిషన్‌లో డిస్కు డ్రైవు ఉండదు. డ్రైవు ఉన్నదే అడిగి తీసుకోండి. ప్లేస్టేషన్ 5కు విడిగా అమర్చే డ్రైవైతే మొదటిసారి నెట్ తప్పనిసరి. వాన లేని రోజున ఆ పని ముగించండి.