అమ్మలూ, పైకి చెబుతూ రాయి

అమ్మలూ,

ఉన్న ఉద్యోగం చేస్తూనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోడింగ్ ఇంటర్వ్యూలకు తయారవుతున్నావని అన్నయ్య చెప్పాడు. విన్నప్పటి నుంచీ ఒక పక్క సంతోషం, ఇంకో పక్క కంగారు. కంగారు నీ తెలివి గురించి కాదు, నీ నోటి గురించి. చిన్నప్పుడు లెక్కంతా మనసులోనే చేసేసి, జవాబు ఒక్కటే రాసి, స్టెప్పులు లేవని మార్కులు పోగొట్టుకున్న పిల్లవి. ఆ అలవాటు ఇంకా పోలేదేమోనని నా భయం.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. రోజుకు ఇరవై ప్రాబ్లమ్స్ ఊదేయకు, రెండు చాలు. చేసినవాటినే వారం తర్వాత ఏమీ చూడకుండా మళ్లీ రాయి. డేటాను అమర్చే పద్ధతులు, అంటే అర్రేలు (వరుస జాబితాలు), హ్యాష్ మ్యాప్, ట్రీలు, గ్రాఫులు గట్టిగా వచ్చాకే, చిన్న లెక్కల జవాబులు దాచుకుని పెద్ద లెక్క కట్టే డైనమిక్ ప్రోగ్రామింగ్ జోలికి వెళ్లు. రెజ్యూమేలో ఉన్న ప్రతి ముక్కకీ జవాబు చెప్పగలగాలి, చెప్పలేనిది తీసెయ్యి. నిద్ర మానకు.

ఇక అసలు సంగతి. కొన్నేళ్ల కిందట నా ఎదుట ఇంటర్వ్యూకి కూర్చున్న ఒకబ్బాయిని బైనరీ సెర్చ్ రాయమన్నాను, అదే, సార్ట్ చేసిన (వరుసలో పేర్చిన) జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతికే పద్ధతి. అదెంత పని అనుకుంటావు. అది మొదట అచ్చులోకి వచ్చింది 1946లో అయితే, అన్ని సైజులకూ సరిగ్గా పనిచేసేది అచ్చవడానికి 1960 దాకా పట్టిందని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ రాశాడు. జావా అనే ప్రోగ్రామింగ్ భాష లైబ్రరీలో ఉన్నదాంట్లోనూ ఏళ్ల తరబడి ఒక తప్పు దాక్కుంది, 2006లో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాకే దాని గురించి రాశాడు. మధ్య స్థానం కోసం, వెతికే భాగం మొదటి స్థానాన్నీ (‘లో’) చివరి స్థానాన్నీ (‘హై’) కూడి రెండుతో భాగిస్తాం కదా. అర్రే మరీ పెద్దదైతే ఆ కూడిక, అక్కడ పట్టే అతి పెద్ద సంఖ్య 2,147,483,647 దాటి నెగటివ్‌లోకి పోతుంది, దాన్నే ఓవర్‌ఫ్లో అంటారు.

ఆ అబ్బాయి ముందు ఆ కూడికే రాశాడు. కాసేపు దాన్నే చూశాడు. చెరిపేసి, ‘హై’ నుంచి ‘లో’ తీసేసి, మిగిలినదాన్ని సగం చేసి, ‘లో’కి కలిపాడు. సరైన మార్పే. కానీ నోరు మెదపలేదు. "ఎందుకు మార్చావు బాబూ?" అంటే "ఇలా రాస్తేనే మంచిది సార్" అన్నాడు, అంతే. తెలిసి మార్చాడో, ఎక్కడో బట్టీ పట్టింది గుర్తొచ్చి మార్చాడో నాకెలా తెలుస్తుంది? ఒకే విలువ రెండుసార్లుంటే ఏ ఇండెక్స్ (స్థానం) ఇవ్వాలో కూడా అడగలేదు. చూసిందే ఫీడ్‌బ్యాక్‌లో రాసి పంపాను. తర్వాత లిఫ్ట్ దగ్గర కనబడ్డాడు. టెన్షన్ దిగినట్టుంది, ఓవర్‌ఫ్లో గురించి గడగడా చెప్పేశాడు. ఎంత బాగా చెప్పాడో! ఏం లాభం?

నువ్వు ఎంత చురుకైనదానివో నాకు తెలుసు, అక్కడ కూర్చునేవాళ్లకు తెలియదు. ప్రాబ్లమ్ ఇవ్వగానే కీబోర్డు మీద పడకు. ఇన్‌పుట్ ఖాళీగా రావచ్చా, సార్ట్ అయి ఉందా, ఎంత పెద్దది అని అడుగు. లక్ష ఎలిమెంట్లంటే, లూపులో లూపు వేస్తే వెయ్యి కోట్ల సార్లు తిరుగుతుంది. ఆ లెక్క పైకే చెయ్యి. "ముందు సులువైన పద్ధతి చెబుతాను, తర్వాత మెరుగుపరుస్తాను" అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. ఇరుక్కుంటే ఎక్కడ ఇరుక్కున్నావో చెప్పు, హింట్ ఇవ్వాలన్నా మాకు అది తెలియాలి కదా. హింట్ ఇస్తే మొహం ముడుచుకోకు, నీకు ఆ రోగం కూడా ఉంది. రాయడం అయ్యాక మూడు ఎలిమెంట్లు తీసుకుని ఒక్కో లైనూ నడిపించి చూపించు.

తిడుతున్నాననుకోకు తల్లీ. ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. ఒక్కో ముక్క తర్వాతి ముక్కను చూపించే లింక్డ్ లిస్టులో లూప్ ఉందో లేదో, అంటే తిరిగి వెనక్కే వస్తుందో లేదో కనిపెట్టమంటాను. ముందే చెప్పేశాను కాబట్టి ఒకటి ఒక్కో అడుగు, ఇంకోటి రెండేసి అడుగులు వేసే రెండు పాయింటర్ల పద్ధతి చదువుకునే వస్తావు, ఫర్వాలేదు. లూప్ ఉంటే వేగంగా వెళ్లే పాయింటర్ నెమ్మదిగా వెళ్లేదాన్ని ఎందుకు కలవక తప్పదో మాత్రం నాకు నోటితో చెప్పాలి. మధ్యలో మూగనోము పట్టావంటే కాల్ కట్ చేసి మళ్లీ మొదటి నుంచీ చెప్పిస్తాను.

మీ బాబాయి