ఏళ్లుగా రోజూ తాగే మనిషి మందు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమా?

అవును, కొందరికి ప్రాణం మీదికే వస్తుంది, అందుకే డాక్టర్ పర్యవేక్షణలో మానాలి. మద్యం మెదడును మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోడానికి మెదడు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది, మందు ఆగగానే దానికి అడ్డు ఉండదు. తిరుపతిలో ఒకాయన శ్రీవారికి మొక్కుకుని సోమవారం మానేశాడనుకోండి. మొక్కు మంచిదే. కానీ మర్నాటికి చేతులు వణికి కాఫీ గ్లాసు నిలవదు, ఫిట్స్ రావచ్చు. బుధ, గురువారాలకల్లా లేని మనుషులు కనిపించి, కొండ మీద క్యూలో ఎక్కడున్నాడో తెలియకపోవచ్చు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనో, నీరసమనో అనుకుని గ్లూకోజ్ ఎక్కిస్తే చాలనుకుంటారు. చాలదు. డాక్టర్ మెదడు ఉద్రేకాన్ని తగ్గించే లోరాజెపామ్ లాంటి మందులు మొదలుపెట్టి డోసు తగ్గిస్తూ వస్తారు. గ్లూకోజ్‌కి ముందో, దాంతోపాటో థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ పడాలి. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా వెంటనే 108కి ఫోన్ చేయండి.